వాలిన గోడకు రసమట్టం

ఈ దేశానికి వచ్చిన మొట్టమొదటి మనవాణ్ణి కనిపెట్టింది నేనే. ఫుజైరా కొండల్లోకి షికారు వచ్చే తెలుగువాళ్ళందరికీ ఈ మాట చెబుతుంటాను. తెలుగువాళ్ళ కారు దూరం నుంచే తెలిసిపోతుంది. అద్దం దగ్గర చిన్న వినాయకుడు, వెనక సీట్లో తువ్వాలు చుట్టిన బిర్యానీ గిన్నె. దిగి ఒళ్ళు విరుచుకుని, "ఇక్కడ చూడ్డానికి ఏముందండీ?" అంటారు. నేను కంచె తలుపు తీసి, రాళ్ళ గుంత ముందు వాళ్ళను నిలబెట్టి, గొంతు తగ్గించి మొదలుపెడతాను.

"నాలుగు వేల ఏండ్ల కింద పడవెక్కి మన దిక్కు నుంచి వచ్చిండు సార్ ఈయన. మెడల ఎర్రపూస ఉండె. మన్ను తీసి మొకం చూసింది ఈ చేతులే."

పిల్లలు నా చేతుల వంక చూస్తారు. ఆడవాళ్ళు చెప్పులు విప్పబోతారు. ఒకాయన దండం కూడా పెట్టాడు, గుంతకో నాకో తెలియలేదు. నాకనే అనుకున్నాను.

ఇందులో ఎంత నిజమో తర్వాత చెబుతాను. ముందు నేను ఇక్కడికి ఎలా వచ్చిపడ్డానో చెప్పాలి.

నేను మేస్త్రీని. అల్ ఖూజ్‌లో ఒక కట్టడాల కంపెనీ క్యాంపులో ఉంటూ ముప్పై ఏళ్ళకు పైగా దుబాయ్‌లో ఇతరుల ఇళ్ళు కట్టాను. ఎంతోమందికి ఇంటి నంబర్లు వచ్చాయి, నాకు మాత్రం ఎప్పుడూ కంపెనీ పోస్టు బాక్సే చిరునామా. కరోనా తగ్గాక పనులు పలచబడ్డాయి. అరవై దాటినవాళ్ళ వీసాలు ఇక పొడిగించబోమని ముదీర్, అంటే మా మేనేజరు, ఒక్కొక్కణ్ణి పిలిచి చెప్పడం మొదలుపెట్టాడు. నేనూ దాటాను. పాస్‌పోర్టులో ఉన్న పుట్టినరోజు మా ఊరి ఏజెంటు తనకు తోచింది రాయించినదే కానీ, ముదీర్‌కు అదే వేదం.

ఇంటికి పోవచ్చు కదా అంటారు. పోవచ్చు. అయితే సెలవు మీద పోయిన మొదటి వారం ఊళ్ళో అందరూ "ఎప్పుడొచ్చినవ్?" అని అడుగుతారు. రెండో వారం నుంచి "మళ్ల ఎప్పుడు పోతున్నవ్?" అంటారు. ముప్పై ఏళ్ళుగా ఈ రెండు ప్రశ్నల మధ్యనే బతికినవాడికి, మూడో వారం ఎలా ఉంటుందో తెలియదు. భయం అనను, ఆ మాట నా నోట రాదు. తెలియదు, అంతే.

ఆ చలికాలమే ఫుజైరా కొండల్లో పాత సమాధులు తవ్వడానికి కూలీలు కావాలని మా కంపెనీని అడిగారు. ఒక చిన్న గుంపును పంపుతూ ముదీర్ నన్నూ, కడప భాయ్‌నీ పక్కకు పిలిచాడు. కడప భాయ్ మా కంపెనీ యజమానిదే అయిన కార్ల గ్యారేజీలో పెయింటరు. అతనికీ అరవై దాటింది.

"తవ్వకం ముగిసినంక అక్కడ ఒక నాతూర్ కావాలె, కావలికి. గది, ఏసీ, వీసా. మీ ఇద్దరిలో ఎవరో మేడమ్ చెప్తది. రెండోవానికి టికెట్టు. ఖలాస్" అన్నాడు ముదీర్ హిందీలో.

ఆ క్షణం దాకా కడప భాయ్ నాకు మంచి మిత్రుడు. ముదీర్ గది తలుపు దాటేసరికి అతని నడక, అతని దగ్గు, అతను మెడకు చుట్టుకునే గళ్ళ రుమాలు, ఏదీ నాకు గిట్టకుండా పోయింది.

తవ్వకం జరిగే చోటు ఒక వాదీ ఒడ్డున గుట్ట. వాదీ అంటే వాన పడిన నాడు మాత్రమే పారే వాగు. తవ్వకం నడిపించే మేడమ్ పుణె వైపు మనిషి, హిందీలో మాట్లాడేది. ఎండకు కమిలిన ముక్కు, మోకాళ్ళకు మెత్తలు. మొదటి రోజున మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి, తలా ఒక కుంచె ఇచ్చి, మన్ను మీద ఆడించమంది. నేను తాపీ పట్టిన చేతితో ఆడించాను. మన్నుతో పాటు మన్ను కింద ఉన్నది కూడా లేచి వచ్చింది. కడప భాయ్ బెంజి కారు మీద దుమ్ము దులిపినట్టు ఆడించాడు. కింద ఒక కుండపెంకు, ఎవరో అప్పుడే పెట్టి పోయినట్టు, కదలకుండా బయటపడింది.

"శాబాష్ చాచా" అంది మేడమ్.

ముప్పై ఏళ్ళలో నన్ను ఏ ఇంజనీరూ శాబాష్ అనలేదు. ఆ మర్నాటి నుంచి అతను సమాధి లోపల, నేను బయట జల్లెడ దగ్గర. పైగా ఆ తవ్వకం మొత్తానికి ఉన్నది ఒకే ఒక పెద్ద గొడుగు, సముద్రం ఒడ్డున తెల్లవాళ్ళు పాతుకునే రకం. దాన్ని తెచ్చి అతని నెత్తిన పాతించింది. బయటపడబోయే ఎముకలకు ఎండ తగలకూడదట. అది ఎముకల కోసమే అని నాకూ తెలుసు. కానీ గొడుగు కింద ఉన్నది కడప భాయ్. జల్లెడ ఊపుతూ ఆ నీడ ఎటు జరుగుతుందో చూస్తూ ఉండేవాణ్ణి. సూర్యుడు తిరిగినప్పుడల్లా మేడమ్ స్వయంగా లేచి దాన్ని సర్దేది.

"ఏంది మేస్త్రీ, ఎండకు మొకం మాడిపోయిందే? జర లోపలికి రా, నీడుండాది" అనేవాడు అతను.

"ఎండ నాకేం కొత్త కాదు భాయ్. నీడల పనిచేసేటోళ్ళకే కష్టం" అనేవాణ్ణి.

టీ తాగేటప్పుడు మేడమ్ మాకు కథలు చెప్పేది. మనిషి ఆఫ్రికా నుంచి బయలుదేరి లోకమంతా పాకాడనీ, ఆ దారిలో ఒక మజిలీ మనం కూర్చున్న ఈ దేశమేననీ చెప్పింది. షార్జా వైపు ఫాయా కొండ దగ్గర లక్ష ఏళ్ళకు పైబడిన రాతి పనిముట్లు దొరికాయట. అప్పుడు ఇక్కడ ఇసుక కాదు, వానలూ గడ్డీ వాగులూ ఉండేవట. సముద్రం లోతు తగ్గిన కాలం చూసి దాటి వచ్చి ఉంటారని పెద్దల ఊహ.

"అంత దూరం నుంచి వచ్చినారు కదా మేడమ్, వాళ్ళ కఫీల్ ఎవురు?" అన్నాడు కడప భాయ్.

కఫీల్ అంటే మన వీసాకు పూచీ పడే యజమాని. అతని పూచీ లేకుండా ఈ గడ్డ మీద కాలు పెట్టలేం. అందరూ విరగబడి నవ్వారు. మేడమ్ టీ ఒలకబోసుకుంది. నిజానికి ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చి ఉంది. బిస్కెట్టు అడ్డం వచ్చి ఆలస్యమైంది. కుంచె పోయింది, గొడుగు పోయింది, చివరికి నా నోట్లోని మాట కూడా అతనికే పోయింది.

మేడమ్ నవ్వు ఆపుకుని చెప్పింది. వాన పడితే వచ్చారు, వాన పోతే వెళ్ళిపోయారు, మళ్ళీ వచ్చారు. చాలా వేల ఏళ్ళు అలాగే జరిగింది. ఎవరూ పాతుకుపోలేదు. తర్వాత తర్వాత నేల కింద నీళ్ళు పట్టుకుని, ఖర్జూరాలు వేసి, ఆ చెట్ల నీడన గోధుమ, బార్లీ పండించిన వాళ్ళు మాత్రం ఉండిపోయారు. ఊళ్ళు అయ్యాయి. ఈ కొండల్లో రాగి కరిగించి పడవలకెత్తారు. ఆ పడవలు అటు ఇరాక్ వైపు పెద్ద నగరాలకూ, ఇటు మన సింధునది వైపుకూ పోయేవట.

ఆ రోజు జల్లెడ ఊపుతూ దాని గురించే ఆలోచించాను. నేనూ ఎన్నో వాకిళ్ళలో ఖర్జూరపు చెట్లు నిలబెట్టించాను. క్రేనుతో ఎత్తి, గుంతలో దించి, మన్ను తొక్కి, నీటిపైపు కలిపి. అందులో ఒక్కటీ నాది కాదు. మొదటి ఖర్జూరం నాటినవాణ్ణి నువ్వెప్పుడు పోతున్నావని ఎవరూ అడగలేదు. వాడి మీద నాకు పుట్టిన కుళ్ళు ముందు కడప భాయ్ మీది కుళ్ళు గొడుగంత కూడా కాదు.

ఇక ఆ మనిషిని కనిపెట్టిన సంగతి.

నేను కనిపెట్టలేదు. ఆ సమయానికి గుట్ట అవతల ముళ్ళచెట్టు కింద కూర్చుని రెండో కప్పు టీ తాగుతున్నాను. కేక వినపడి పరిగెత్తుకొచ్చేసరికి అందరూ గుంత చుట్టూ మూగి ఉన్నారు. లోపల ఒక పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, మన క్యాంపులో పై బంకు మీద చలికి పడుకున్నవాడిలాగా ఆ మనిషి. కడప భాయ్ కుంచె పట్టుకుని కదలకుండా ఉన్నాడు. మెడ ఉండాల్సిన చోట ఒక ఎర్రపూస. మొకం చూసింది అతని చేతులే. నేను చూసింది అతని వీపు.

మేడమ్ ఆ పూసను అతని అరచేతిలో పెట్టి ఫోటో తీసింది. నేను ఎంత దూరినా ఫోటోలో నా భుజం ఒక్కటే పడింది. క్యాంపు వాట్సాప్‌లో ఆ ఫోటో తిరిగి తిరిగి మా ఇంటికి చేరింది. సాయంత్రం మా ఆవిడ ఫోను చేసింది.

"ఎర్రపూస పట్టుకున్న చెయ్యి నీదేనా?"

"మరింకెవ్వలిది?"

"నీ బొటనేలుకు గోరు ఎప్పుడు మొలిచింది? సుత్తె దెబ్బకు పోయి ఇరవై ఏండ్లాయె గదా."

సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

అలాంటి ఎర్రరాయి పూసలు సింధునది వైపు నుంచి వచ్చేవని మేడమ్ చెప్పింది. అయితే ఈయన మనవాడేనా అని అడిగాను. "పూస వచ్చింది. మనిషి వచ్చాడో లేదో చెప్పలేం. పూసలు చేతులు మారుతూ వస్తాయి" అంది.

"వీసా లేకుండ పూస ఒక్కతే ఎట్ల వస్తది మేడమ్?"

ఈసారి నా మాటకే నవ్వింది. అయినా గొడుగు మాత్రం కదల్లేదు.

నన్ను కాల్చింది పూస కూడా కాదు. ఆ పడుకున్న మనిషే. ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు. కానీ వచ్చాడు, ఉన్నాడు, ఇక్కడే ఒక రాతి ఇల్లు కట్టించుకుని ఒత్తిగిలి పడుకున్నాడు. నాలుగు వేల ఏళ్ళు ఎవడూ లేపలేదు. ఆ రాతింటి గోడ అతని నెత్తిమీద ఇంకా చాలావరకు నిలబడే ఉంది. సిమెంటు లేదు, సున్నం లేదు. నేను కట్టిన విల్లాల్లో రెండు అప్పుడే పగలగొట్టి కొత్తవి కట్టేశారు.

గోడ ఒక చివర మాత్రం కూలి, రాళ్ళు లోపలికి పడి ఉన్నాయి. రోజూ ఆ చివరను చూస్తుంటే నాకు పళ్ళు పులిసిపోయేవి. మేస్త్రీ కళ్ళకు కూలిన గోడ తెరిచి ఉంచిన పుండు. దానికి తోడు ఒక ఆలోచన తగులుకుంది. కుంచె పని అతనిది, సరే. రాతి పని నాది. దాన్ని నిలబెట్టి చూపిస్తే ఎవరిని ఉంచుకోవాలో మేడమ్‌కు తెలిసిపోతుంది.

శుక్రవారం సెలవు. కడప భాయ్ నమాజుకని ఫుజైరా టౌనుకు పోయాడు. మేడమ్ హోటల్లో ఉంది. పొద్దున్నే నేను రసమట్టాన్నీ, దారానికి కట్టిన ఇనుప గుండునూ సంచిలో వేసుకుని గుట్టెక్కాను. పడ్డ రాళ్ళను ఒక్కొక్కటే తీసి, తిప్పి, ముఖం చూసి, కింది రాయికి కుదిరేలా పెట్టుకుంటూ పోయాను. ఏళ్ళ తర్వాత రాతి పని. సిమెంటు దిమ్మెలు పేర్చి పేర్చి మొద్దుబారిన చేతులకు రాయి బరువు ఎక్కడుందో మళ్ళీ తెలిసింది. చిన్న రాళ్ళు సందుల్లో బిగించాను. గుండు వేలాడదీసి చూశాను, దారానికీ గోడకూ ఎక్కడా వెలితి లేదు. పైన రసమట్టం పెట్టాను. బుడగ నడిమధ్యకు వచ్చి నిలబడింది. పాత మేస్త్రీ ఎవడో, వాడికి కూడా వినపడేట్టు "చూడు" అన్నాను.

శనివారం పొద్దున మేడమ్ గుట్టెక్కి వచ్చింది. ఆ చివర ముందు ఆగింది. శాబాష్ కోసం నేను రుమాలుతో మొకం కూడా తుడుచుకుని నిలబడ్డాను.

మేడమ్ బ్యాగు కింద పెట్టి, ఒక రాయి మీద కూర్చుని, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అరిచి ఉంటే బాగుండేది.

"ఇది ఎవరు చేశారు?" అంది చివరికి.

నేను ఒక్క అడుగు ముందుకు వేసి, ఛాతీ విరిచి, "నేనే మేడమ్. శిక్ష ఏదైనా నాకే" అన్నాను.

ఆమె లేచి నన్ను గోడ పొడుగునా నడిపించింది. అప్పుడు చూశాను. ఆ పాత గోడ నిటారుగా లేదు. కింది నుంచి పైకి వచ్చేకొద్దీ ప్రతి వరసా కొంచెం కొంచెం లోపలికి జరుగుతూ వచ్చింది. రెండు వైపుల గోడలూ అలా దగ్గరికి వాలితేనే పైన పలకరాళ్ళు కప్పడానికి వీలు. ఆ వాలు పొరపాటు కాదు, వాళ్ళ పనితనం. మొత్తం కట్టడంలో నిటారుగా ఉన్నది నేను కట్టిన ముక్క ఒక్కటే. కొత్తగా పెట్టించుకున్న పన్నులాగా తెల్లగా, తిన్నగా, ఏడుపొచ్చేట్టు ఉంది.

"చాచా, రాళ్ళు ఎటు పడ్డాయి, ఏది ముందు పడింది, ఏది దాని మీద పడింది, గోడ ఎలా కూలిందో అదే చెబుతుంది. వాటి పటం ఇంకా గీసుకోలేదు. గురువారం తీసిన ఫోటోలు ఉన్నాయి కాబట్టి బతికాం" అంది.

ఫోటోలు చూసుకుంటూ ఆ రాళ్ళన్నీ తీసి మళ్ళీ పడ్డచోటే పడేయాల్సి వచ్చింది. కట్టిన గోడను కూల్చడం మేస్త్రీకి కొత్త కాదు. కూలిన తీరున కూల్చడం మాత్రం అప్పుడే నేర్చుకున్నాను. కడప భాయ్ గొడుగు కింది నుంచి లేచి వచ్చి అవతలి కొస పట్టాడు. ఆ జాలి చూసి, ఇక ఉద్యోగం అతనిదేనని మనసులోనే సంచి సర్దుకున్నాను.

చలి తగ్గాక తవ్వకం ముగిసింది. ఎముకలను పెట్టెల్లో సర్ది మ్యూజియానికి పంపారు. నాలుగు వేల ఏళ్ళు కదలనివాడికి కూడా చివరికి ట్రాన్స్‌ఫర్ అయింది, అదీ ఏసీలోకి. మర్నాడు మేడమ్ నన్ను పిలిచి గేటు తాళంచెవి నా చేతిలో పెట్టింది. కడప భాయ్‌కు టికెట్టు వచ్చింది. పోయేముందు తన గళ్ళ రుమాలు నా మెడకు చుట్టి, "జాగర్త మేస్త్రీ" అన్నాడు.

నా కోసం తనే తప్పుకున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. అంత కుళ్ళు పెట్టుకున్న నాకు తన చోటు ఇచ్చి పోయాడు. అయితే కుళ్ళు పోయిందా అంటే పోలేదు. అతను వీడియో కాల్ చేస్తే నులకమంచం మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు, కడుపు మీద మనవరాలు కూర్చుని అతని గడ్డం పీకుతూ ఉంటుంది. "ఎప్పుడు పోతున్నవ్" అని అతన్ని ఎవరూ అడుగుతున్నట్టు కనపడదు. నాకు గది ఉంది, ఏసీ ఉంది, వీసా ఉంది, కంచె లోపల ఖాళీ సమాధి ఉంది. గేటు పక్కన ఒక ఖర్జూరపు పిలక నాటాను. మేడమ్‌ను అడిగే నాటాను, రాళ్ళకు దూరంగా.

ఇదంతా రాసి, నిన్న కడప భాయ్‌కు ఫోనులో చదివి వినిపించాను. తప్పుకున్నాడన్న చోట నా గొంతు నిజంగానే బొంగురుపోయింది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను.

"అయిపాయనా సదవడం?" అన్నాడు. "తప్పుకొనేదీ ల్యా, ఏమీ ల్యా. తవ్వకం అయినాక ఇంటికి పోతానని మొదటి వారమే మేడమ్‌కు సెప్పేసినా. నువ్వు గొడుగును జూసి కుళ్ళుకుంటా ఉంటే తమాసగా ఉండాదని నీకు సెప్పలా, అంతే. ఇంగొకటి సరిగ్గా రాసుకో. నువ్వేం ఛాతీ ఇరుసుకోని ముందుకు రాలా. మేడమ్ అడిగితే 'గాలికి లేసి నిలబడినాయేమో' అంటివి. నీ రసమట్టం గోడ మిందనే మరిసిపొయ్‌నావు, దాన్ని జూసి పట్టుకునింది నిన్ను. ఉద్యోగం నీకు ఎందుకు ఇచ్చినారో కూడా నీకు తెలీదు. 'ఒకసారి సెయ్యి పెట్టి సివాట్లు తిన్నోడు ఇంగెవుర్నీ సెయ్యి పెట్టనీడు' అని నాతోనే అనింది ఆ యమ్మ. సాల్లే. ఎవురో కారు హారన్ కొడతాండారు, ఇనపడ్తాంది. పొయ్యి గేటు తియ్యి."